లాంచీ నడుస్తుండగా మీటర్లు ఎలా చూడాలి? టెంపరేచర్ ముల్లు 92కి ఎక్కి దిగిందన్న తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు చెప్పింది ఇదీ: గండి పోచమ్మ రేవు నుంచి పాపికొండల వైపు ఎగువకు వెళ్తున్నప్పుడు, రోజూ 80 డిగ్రీల దగ్గర నిలబడే టెంపరేచర్ ముల్లు ఆ రోజు 92 దాకా ఎక్కింది. ఆర్‌పీఎం తగ్గిస్తే పది నిమిషాల్లో దిగింది. బజర్ మోగలేదు. ఓనరేమో "బజర్ మోగలేదుగా, ఏం కాదులే" అన్నాడు. ఇంజిన్ ఆరు సిలిండర్ల డీజిల్, హీట్ ఎక్స్ఛేంజర్ ఉంది. ప్రయాణంలో ఎంతసేపటికోసారి మీటర్లు చూడాలి, ఏ ముల్లు ఎక్కడికి పోతే ఇంజిన్ ఆపెయ్యాలి అని అడిగావు.

92 దగ్గర ఇంజిన్ చెడిపోదు. కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే లోపలి నీళ్ళు, దాని మూత ప్రెజర్‌ని పట్టి ఉంచుతుంది కాబట్టి లోపలి నీళ్ళు వంద దగ్గర కూడా మరగవు. అయినా మీ ఓనరు మాట నేను ఒప్పుకోను. నన్ను ఆలోచనలో పడేసింది 92 అనే అంకె కాదు. నిన్నటిదాకా అంతే జనంతో, అదే ఏటి మీద, అదే ఆర్‌పీఎంతో 80 దాటని ముల్లు ఇవాళ దాటింది. మధ్యలో ఏదో మారింది. అదేమిటో తెలిసేదాకా ఆ లాంచీలో జనాన్ని ఎక్కించుకోవద్దు.

నేను కాకినాడలో వేట బోట్ల మీద ఇంజిన్ డ్రైవరుగా మొదలుపెట్టి సరంగునయ్యాను, అంటే బోటు నడిపించే పెద్దని. తర్వాత గోదావరి మీద లాంచీలు నడిపాను. మెకానిక్ చదువు చదవలేదు. ఇక్కడ రాసేవి చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి.

ముందు ఆ బజర్ సంగతి. చాలా ఇంజిన్లలో ఇంజిన్ మీద ఉండి మీటర్‌కి కబురు పంపే సెండర్ వేరు, బజర్‌ని మోగించే స్విచ్ వేరు. టెంపరేచర్ బజర్ సాధారణంగా 95కీ 100కీ మధ్య ఎక్కడో మోగేలా ఉంటుంది. అది మోగేసరికి నీకు మిగిలే టైం చాలా తక్కువ. పైగా అది పనిచేస్తుందని నమ్మకమేంటి? ఒకసారి కొత్తగా ఒక బోటు ఎక్కి తాళం తిప్పితే చప్పుడే లేదు. ప్యానెల్ విప్పి చూద్దును కదా, బజర్ తీగ కోసి టేపు చుట్టి ఉంది. నాకు ముందున్నాయన గోల భరించలేక కోసేశాడట. గోల ఎందుకు చేస్తోందో మాత్రం చూడలేదు.

అందుకే రోజూ పొద్దున చెయ్యాల్సిన మొదటి పని ఇది. తాళం తిప్పు, స్టార్ట్ చెయ్యకు. ఇంజిన్ ఆగి ఉంది కాబట్టి ఆయిల్ ప్రెజర్ సున్నా ఉంటుంది, కాబట్టి ఆయిల్ లైటు వెలగాలి, బజర్ మోగాలి. స్టార్ట్ అయిన కొద్ది సెకన్లలో రెండూ ఆగిపోవాలి. మోగకపోతే ఆ రోజు నీకు బజర్ లేదన్నమాటే.

ఇక టెంపరేచర్. హీట్ ఎక్స్ఛేంజర్ ఉన్న డీజిల్‌లో రెండు నీళ్ళు తిరుగుతాయి. ఇంజిన్ లోపల తిరిగే కూలెంట్ ఒకటి. ఏట్లోంచి పంపు లాగి, ఎక్స్ఛేంజర్ గొట్టాల్లోంచి తిప్పి బయటికి వదిలే నీళ్ళు ఇంకొకటి. మీటర్ చూపేది మొదటిదాని వేడిని మాత్రమే. రెండోదానికి చాలా లాంచీల్లో మీటరే ఉండదు. దానికి మీటర్ నీ కన్నే. లాంచీ పక్క నుంచి పడే నీటి ధారని చూడాలి. పొద్దున స్టార్ట్ చెయ్యగానే ధార ఎంత లావుగా పడుతోందో చూసి గుర్తు పెట్టుకో. దారిలో అది సన్నబడితే, ముల్లు ఎక్కడానికి ఇంకా కొంత టైం ఉందన్నమాట. ముల్లు ఎప్పుడూ ఆలస్యంగానే చెబుతుంది. అంత ఇనుము, అన్ని నీళ్ళు వేడెక్కాలి కదా. ధార ఆగిపోతే మాత్రం ఏటి నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్‌కి నిమిషం కూడా ఆయుష్షు ఉండకపోవచ్చు. దానికి నీళ్ళే కందెన. పొడిగా తిరిగితే రెక్కలు కాలి చిరిగిపోతాయి.

ముల్లు ఎక్కడంలో కూడా రకాలున్నాయి. నీకు అయినట్టు ఎదురీదేటప్పుడు, లోడు మీద ఎక్కి, ఆర్‌పీఎం తగ్గించగానే దిగితే, కూలింగ్ పనిచేస్తోంది కానీ చాలినంత చెయ్యడం లేదని అర్థం. ఏటి నీళ్ళు లోపలికొచ్చే దారిలో ఉండే జల్లెడలో చెత్త, అరిగిన ఇంపెల్లర్, బురద పట్టిన ఎక్స్ఛేంజర్ గొట్టాలు, ఈ మూడింటినే ముందు అనుమానించు. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చి వెళ్ళాక మొదటి నెలలో ఇది మామూలు. ఆ నీళ్ళలో ఒండ్రు గరుకు కాగితంలా ఇంపెల్లర్‌ని అరగదీస్తుంది, మిగిలింది గొట్టాల్లో పేరుకుంటుంది. నిలవ నీళ్ళున్న చోట గుర్రపు డెక్క వేర్లు, ప్లాస్టిక్ కవర్లు జల్లెడకి అడ్డం పడతాయి.

అలా కాకుండా ఖాళీగా, న్యూట్రల్‌లో నిలబెట్టినా ఎక్కుతుంటే అనుమానం లోపలి నీళ్ళ మీదికి వెళ్తుంది. వేడిని బట్టి కూలెంట్‌కి దారి తెరిచే థర్మోస్టాట్ ఇరుక్కుని ఉండొచ్చు, కూలెంట్ తిప్పే పంపు బెల్టు జారుతుండొచ్చు. ముల్లు కాసేపు పైకి, కాసేపు కిందికి ఊగుతుంటే కూలెంట్ తగ్గి గాలి చేరింది, లేదా ఇంజిన్ పైభాగమైన హెడ్ కింద ఉండే గ్యాస్కెట్ లీకై సిలిండర్లోని గ్యాస్ నీళ్ళలోకి వస్తోంది.

అన్నిటికంటే మోసం చేసేది ముల్లు దిగడం. ఇది నేను డబ్బు కట్టి నేర్చుకున్న పాఠం. ఒక రాత్రి వేట ముగించుకుని కాకినాడ వైపు వస్తున్నాం. ముల్లు 82 నుంచి ఒక్కసారిగా 60కి జారింది. ఇంజిన్ చల్లగా ఉందిలే అని ఇంకాస్త ఆర్‌పీఎం పెంచాను. కాసేపటికి కింద నుంచి తియ్యటి వాసన, వెంటనే మాడు వాసన. కూలెంట్ హోస్ పగిలి నీళ్ళన్నీ బిల్జిలోకి, అంటే బోటు అడుగు గుంటలోకి పోయాయి. సెండర్ చుట్టూ నీళ్ళు లేకపోతే అది ఆవిరినో గాలినో కొలుస్తుంది, తక్కువ చూపిస్తుంది. ఇంజిన్ కాలిపోతుంటే మీటర్ బావున్నానంటోంది! హెడ్ వంగింది. ఆ సీజన్లో నా వాటా అందులోనే పోయింది. లోడు తగ్గించకుండా ముల్లు దానంతటది దిగితే సంతోషించకు, వెంటనే ఇంజిన్ గదిలోకి మనిషిని పంపు.

ఆయిల్ ప్రెజర్ గురించి. టెంపరేచర్ నీకు కొన్ని నిమిషాలు ఇస్తుంది, ఆయిల్ ఇవ్వదు. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి ముల్లు బాగా పైన ఉంటుంది. వేడెక్కాక దిగుతుంది. వేడెక్కిన డీజిల్‌లో ఐడిల్ మీద, అంటే లోడు లేకుండా నెమ్మదిగా తిరిగేటప్పుడు, ఒకటి నుంచి రెండు కేజీలు (చదరపు సెంటీమీటరుకి), నడిచే ఆర్‌పీఎం మీద మూడున్నర నుంచి ఐదు కేజీలు సాధారణంగా ఉంటాయి. పౌండ్లలో ఉన్న మీటరైతే ఒక కేజీకి సుమారు 14 పౌండ్లు వేసుకో. నీ ఇంజిన్ పుస్తకంలో ఏముంటే అదే ఫైనల్.

పొద్దున ప్రెజర్ చూసి మురిసిపోకూడదు. తిరుగు ప్రయాణంలో, ఇంజిన్ పూర్తిగా వేడిగా ఉన్నప్పుడు, రేవులో కట్టే ముందు ఐడిల్ మీద ఎంత ఉందో రోజూ రాసుకో. బేరింగులు అరిగాయా, ఆయిల్లో డీజిల్ కలిసిందా అనేది ముందుగా బయటపడేది అక్కడే. రోజుకో గీత చొప్పున దిగుతుంటే నెల తర్వాత నీ పుస్తకమే నీకు చెబుతుంది.

ఇప్పుడు రెండు ముళ్ళని కలిపి చదవడం. టెంపరేచర్ ఎక్కుతూ ఆయిల్ కాస్త దిగితే రెండూ ఒకటే జబ్బు: వేడికి ఆయిల్ పలచబడుతోంది. వేడి సంగతి చూస్తే రెండోది సర్దుకుంటుంది. టెంపరేచర్ కదలకుండా ఆయిల్ ఒక్కటే దిగితే అది ఆయిల్ జబ్బే. లీకు, పంపు, బేరింగు, ఏదైనా కావచ్చు. సున్నాకి పడిపోతే "సెండర్ పోయిందేమోలే" అని ఆలోచిస్తూ నడపకు. సెండర్ పోవడం నిజంగానే ఎక్కువగా జరుగుతుంది, కానీ ఆ సంగతి ఇంజిన్ ఆపాక, ఆయిల్ మట్టం చూసే పుల్ల డిప్‌స్టిక్ లాగి తేల్చుకోవాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీళ్ళు వచ్చేశాయి. మళ్ళీ స్టార్ట్ చెయ్యొద్దు.

వోల్ట్ మీటర్‌ని ఎవరూ పట్టించుకోరు. లైట్లు వెలుగుతున్నాయిగా అంటారు. పన్నెండు వోల్టుల బోట్లో ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. ఇరవై నాలుగు వోల్టులదైతే దానికి రెట్టింపు. నడుస్తుండగా 12.5కి జారితే ఆల్టర్నేటర్ ఛార్జి చెయ్యడం లేదు. పన్నెండు వోల్టులదాంట్లో 15 దాటితే రెగ్యులేటర్ పోయి బ్యాటరీ ఉడుకుతోంది. అయితే నేను వోల్ట్ మీటర్ చూసేది బ్యాటరీ కోసం కాదు, బెల్టు కోసం. చాలా ఇంజిన్లలో ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టే కూలెంట్ పంపునీ తిప్పుతుంది. బెల్టు తెగిన క్షణం వోల్ట్ మీటర్ పడిపోతుంది. టెంపరేచర్ కదలడం తర్వాత. ఆ రెండింటి మధ్య ఉన్న టైంలో లాంచీని ఒడ్డుకి తేవచ్చు. ఒకసారి పేరంటపల్లి దాటాక నాకు అలాగే అయింది. వోల్టులు పడగానే ఆర్‌పీఎం దించి ఇసుక ఒడ్డుకి చేర్చాను. కళాసీ బెల్టు ముక్కలు చేత్తో పట్టుకుని పైకొచ్చాడు. అప్పటికి టెంపరేచర్ 85. స్పేర్ బెల్టు వేసుకుని ఇంటికొచ్చాం. లాంచీలో ఉన్న వాళ్ళకి ఇసుకలో ఫొటోలు తీసుకోవడానికి ఆపామనే తెలుసు.

ఆర్‌పీఎం మీటర్ని స్పీడుతో కలిపి చూడు. ఎప్పుడూ ఇచ్చే యాక్సిలరేటరే ఇచ్చావు, ఆర్‌పీఎం రావట్లేదు, నల్లపొగ వస్తోంది, టెంపరేచర్ ఎక్కుతోంది. ఇంజిన్ మీద బరువు పెరిగింది. లాంచీని తోసే అడుగు ఫ్యాన్‌కి తాడో వలో చుట్టుకుని ఉంటుంది, లేదా రెక్క వంగి ఉంటుంది, లేదా అడుగున నాచు, గుల్ల పట్టి ఉంటుంది. ఆర్‌పీఎం ఎగిరి స్పీడు రాకపోతే రెక్క విరిగిందో, గేర్‌బాక్స్ జారుతోందో. గేర్‌బాక్స్‌కి వేరే ప్రెజర్ మీటర్ ఉంటే దాని అంకెలు ఇంజిన్ ఆయిల్ కంటే చాలా ఎక్కువగా ఉంటాయి. చూసి కంగారు పడకు.

డీజిల్ ముల్లుని నమ్మొద్దు. లాంచీ ఊగితే అదీ ఊగుతుంది. ట్యాంకులో కర్ర ముంచి చూసుకుని బయల్దేరు. పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, ఇంకో వంతు దేనికీ ముట్టుకోకుండా.

ఒక చిన్న కిటుకు. అన్ని ముళ్ళూ ఒకేసారి పిచ్చిగా ఊగితే, లేదా ఒకేసారి పడిపోతే, ఇంజిన్‌కి అన్ని రోగాలూ ఒకేసారి రావు. ప్యానెల్ ఎర్తు వదులైంది, లేదా వెనక కనెక్షన్‌కి చిలుము పట్టింది. ఒక్క టెంపరేచర్ మీదే అనుమానమైతే, ఇప్పుడు బజార్లో దొరికే ఇన్‌ఫ్రారెడ్ టెంపరేచర్ గన్ ఒకటి కొను. థర్మోస్టాట్ హౌసింగ్ మీద గురిపెట్టి మీటర్‌తో పోల్చు. నాలుగైదు డిగ్రీల తేడా ఉంటే ఫర్వాలేదు. బావున్న రోజు కొన్ని చోట్ల గురిపెట్టి ఆ అంకెలు రాసిపెట్టుకో. బాగాలేని రోజు పోల్చుకోవడానికి పనికొస్తాయి.

ఎంతసేపటికోసారి చూడాలి అన్నావు. చుక్కాని పట్టినవాడి కళ్ళు నీళ్ళ మీద ఉండాలి. మీటర్లు కేవలం ఒక చూపు, రెండు సెకన్లు. తాడు విప్పే ముందు ఒకసారి. మొదటి పది నిమిషాల్లో తరచుగా, ఎందుకంటే పొద్దున బిగించిన క్లిప్పు, మార్చిన ఫిల్టరు ఏదైనా తేడా చేస్తే అప్పుడే చేస్తుంది. తర్వాత ఐదు నిమిషాలకోసారి. ఆర్‌పీఎం మార్చిన ప్రతిసారీ రెండు నిమిషాలాగి మళ్ళీ చూడు. కొండల మధ్య ఏరు ఇరుకయ్యే చోటికి ముందు తప్పకుండా చూడు, అక్కడ ఆపడానికి చోటు ఉండదు. గంటకోసారి కళాసీని ఇంజిన్ గదిలోకి పంపు. లోపలి వాసన, చప్పుడు, బిల్జిలో నీటి మట్టం ఏ ముల్లూ చూపదు.

ఆ ఒక్క చూపులో అంకెలు చదవక్కర్లేదు. మా ఆవిడ గోళ్ళ రంగు అడిగి తీసుకుని, ఇంజిన్ బాగా నడుస్తున్న రోజు ప్రతి ముల్లు ఎక్కడ నిలుస్తుందో అద్దం మీద చుక్క పెట్టాను. ముల్లు చుక్క మీద ఉందా లేదా అంతే. రంగు తిరిగివ్వనందుకు ఇప్పటికీ అంటూనే ఉంటుంది. ఇంకొందరు మీటర్లని విప్పి తిప్పి బిగిస్తారు, మామూలుగా ఉన్నప్పుడు ముళ్ళన్నీ నిటారుగా పైకి ఉండేలా. ఒకటి పక్కకి వాలినా కంట్లో పడుతుంది. చూడ్డానికి అంకెలు వంకరగా ఉంటాయి, అయినా మంచి పద్ధతి.

ఇక ఎప్పుడు ఆపాలి. టెంపరేచర్ ఎక్కుతుంటే ముందు ఆర్‌పీఎం తగ్గించి నీటి ధార చూడు. ధార పడుతుంటే ఇంజిన్‌ని వెంటనే ఆపకు. చోటు చూసుకుని న్యూట్రల్‌లో ఐడిల్ మీద కొన్ని నిమిషాలు తిరగనివ్వు. ఒక్కసారిగా ఆపితే తిరిగే నీళ్ళు నిలిచిపోయి లోపలి వేడి అక్కడే ఉడుకుతుంది. ధార లేకపోయినా, కూలెంట్ పోయినా, ఆయిల్ సున్నా అయినా ఆపాల్సిందే. వేడి మీద కూలెంట్ మూత తియ్యకు, మొహం కాలిపోతుంది. కాలిన ఇంజిన్లో చన్నీళ్ళు పొయ్యకు, హెడ్ పగులుతుంది.

కానీ ఆపే ముందు ఎక్కడున్నావో చూడు. రోడ్డు మీద లారీ ఆపితే ఆగుతుంది. ఏట్లో ఇంజిన్ ఆగితే లాంచీ ఏటి చేతిలోకి వెళ్తుంది. హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్నా, చుక్కాని ఉన్నా, ఫ్యాన్ నీళ్ళు తొయ్యకపోతే అది సరిగ్గా తిరగదు. కాబట్టి లంగరు ఎప్పుడూ తాడు చిక్కు లేకుండా, వెయ్యడానికి రెడీగా ముందు భాగంలో ఉండాలి. పక్కన రాళ్ళున్నాయి, సుడి ఉంది, జనం ఉన్నారు, ఆయిల్ సున్నా చూపిస్తోంది. అప్పుడు నేనైతే ఇంజిన్ పోయినా సరే అని ఒడ్డుకి చేర్చేదాకా నడుపుతాను. బేరింగులు పట్టేసే లోపు కాస్త దూరం వస్తుంది. ఓనరు తిడతాడు, తిట్టనీ. తీరిగ్గా ఉన్న చోట, కింద లంగరు పట్టే ఇసుక ఉన్నచోట అయితే వెంటనే ఆపుతాను. ఈ తేడా ముందే ఓనరుతో మాట్లాడుకుని పెట్టుకో, ఆ నిమిషంలో ఫోన్ చేసి అడగలేవు. అక్కడ సిగ్నల్ కూడా ఉండదు.

నీ లాంచీ విషయానికొస్తే, రేపు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నీటి వాల్వు కట్టేసి జల్లెడ విప్పు. కూలెంట్ మట్టం చూడు. బెల్టుని బొటనవేలితో నొక్కి చూడు, మరీ వదులుగా ఉంటే బిగించు, అంచులు పీచులు లేస్తే మార్చు. జల్లెడ శుభ్రంగానే ఉంటే ఏటి నీటి పంపు మూత తీసి ఇంపెల్లర్ బయటికి లాగు. రెక్కలు అన్నీ ఒకవైపు వంగిపోయి, వాటి మొదళ్ళ దగ్గర పగుళ్ళు కనిపిస్తే మార్చెయ్యి. కొత్తది వేస్తూ స్పేర్ ఇంకొకటి, దాని గ్యాస్కెట్‌తో సహా లాంచీలో పెట్టు.

రెక్కలు లెక్కపెట్టడం మర్చిపోకు. ఒకటి విరిగిపోయి ఉంటే అది గాల్లోకి పోలేదు, నీళ్ళతో పాటు ముందుకెళ్ళి ఎక్స్ఛేంజర్ గొట్టాల మూతి దగ్గర అడ్డం పడి ఉంటుంది. చాలామంది కొత్త ఇంపెల్లర్ వేసి మూత బిగించేస్తారు. వారం తర్వాత ముల్లు మళ్ళీ 92కి ఎక్కుతుంది, ఈసారి థర్మోస్టాట్ మారుస్తారు, తర్వాత పంపు మారుస్తారు. ఎక్స్ఛేంజర్ చివరి మూత విప్పి ఆ రబ్బరు ముక్క కోసం వెతుకు. దొరికాక వాల్వు తెరిచి, రేవులోనే కట్టి ఉంచి ఇంజిన్ వేడెక్కించు. ఆ తర్వాత జనం లేకుండా ఒకసారి ఎగువకు పోయి వచ్చి, ముల్లు ఎక్కడ నిలబడిందో చెప్పు.